సన్నటి గొట్టంలో బుడగలు: అల్ట్రాసౌండ్ పెంచుతుందా, తగ్గిస్తుందా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్ చిప్‌లను చల్లబరచడానికి సన్నటి గొట్టాల్లో నీళ్లు మరిగించే పద్ధతి ఉందని మా సార్ చెప్పారు. దానికి అల్ట్రాసౌండ్ కూడా తోడైతే వేడి ఇంకా బాగా లాగుతుందట. బుడగలు ఎక్కువైతే గొట్టం మూసుకుపోవాలి కదండీ, మరి మేలెలా జరుగుతుంది?
– ఓ మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ అనుమానంలో న్యాయం ఉంది. గిన్నెలో పుట్టిన బుడగకి పైకి పోవడానికి బోలెడు చోటుంటుంది, మిల్లీమీటరు గొట్టంలో ఎక్కడిది? మామూలు వాతావరణ పీడనం దగ్గర నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతాయి. అందుకే పుట్టిన బుడగ చూస్తుండగానే గొట్టమంతా నిండి పొడుగ్గా సాగుతుంది, ఒక్కోసారి వచ్చే నీళ్లను వెనక్కి కూడా నెడుతుంది. దానికీ గోడకీ మధ్య మిగిలేది పల్చటి నీటి పొర. ఆ పొర ఉన్నంతసేపూ వేడిని బ్రహ్మాండంగా లాగుతుంది, అదికాస్తా ఎండిపోయిందా, గోడ వేడి ఎగబాకి చిప్ కాలిపోతుంది.

ఇప్పుడు అల్ట్రాసౌండ్, అంటే మన చెవికి వినపడని శబ్దం, ఏం చేస్తుందంటే, నీటిలో పీడనాన్ని సెకనుకు కనీసం 20 వేలసార్లు పెంచి తగ్గిస్తుంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు కడిగే చిన్న తొట్టెలో ఉండేదీ ఇదే. పీడనం తగ్గిన ఆ కాస్త సమయంలో, గోడ మీది కంటికి కనపడని గుంటల్లో చిక్కుకున్న ఆవిరి, గాలి బయటికి ఉబ్బుతాయి. అంటే గోడ అంత వేడెక్కకముందే బుడగలు మొదలవుతాయి. అయితే ఆ ఊపుకి అవి గోడను పట్టుకుని పెద్దవయ్యేదాకా ఉండలేవు, చిన్నగా ఉండగానే ఊడిపోతాయి, వాటి వెనకే చల్లటి నీళ్లు వచ్చి గోడను తాకుతాయి. చుట్టూ నీళ్లు ఇంకా మరిగే వేడికి రాకపోతే ఊడిన బుడగ అక్కడే కరిగిపోతుంది. కాబట్టి మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, సంఖ్య పెరుగుతుంది, సైజు తగ్గుతుంది, గొట్టం మూసుకుపోయేది సైజు వల్ల.

కానీ దీన్ని అద్భుతంలా చెప్పేవాళ్లని నేను నమ్మను. లాభం కనపడేది ప్రధానంగా వేడి తక్కువగా ఉన్నప్పుడే. వేడి బాగా పెంచితే గోడ నిండా బుడగలు ఎలాగూ ఉంటాయి, శబ్దం కొత్తగా చేసేది పెద్దగా ఉండదు. పైగా బుడగలే శబ్దాన్ని చెదరగొట్టి మింగేస్తాయి: నీళ్లలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోయే శబ్దం, గాలీ నీళ్లూ సగం సగం కలిసిన మిశ్రమంలో 20 మీటర్లకి అటూఇటూ పడిపోతుంది (అవును, గాలిలో కన్నా కూడా తక్కువే!). అందుకే ఆవిరి దట్టమైన చోటు దాటి అల్ట్రాసౌండ్ అవతలికి వెళ్లడం కష్టం.

ప్రాజెక్టుగా చేసేటట్లయితే ట్రాన్స్‌డ్యూసర్‌ని (కరెంటుతో అల్ట్రాసౌండ్ పుట్టించే పరికరం) నీళ్లు లోపలికొచ్చే వైపు, ఇంకా పూర్తిగా మరగని భాగం దగ్గర బిగించండి. అది తీసుకునే కరెంటు కూడా లెక్కలో రాయండి, చాలామంది వదిలేస్తారు. నీళ్లను ముందుగా బాగా కాచి, కరిగి ఉన్న గాలిని పోగొట్టండి. లేకపోతే అల్ట్రాసౌండ్ వేయగానే వచ్చే బుడగల్లో చాలా వరకు గాలివే, వాటిని చూసి ఆవిరి అని గ్రాఫ్ గీసేస్తారు.