షెడ్డు తీయలేదు, అర్జీ మాత్రం క్లోజ్ చేశారు!

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక మున్సిపాలిటీ. మా లేఅవుట్ మధ్యలో పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలం ఉంది. పక్కింటాయన అందులో మొదట ఇసుక తోలించాడు, తర్వాత కంకర, ఇప్పుడు రేకుల షెడ్డు వేసి ఎనుములను కట్టేస్తున్నాడు. కాలనీ వాళ్లమంతా సంతకాలు పెట్టి కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే, కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. షెడ్డు మాత్రం అక్కడే ఉంది. ఇంకెవరికి చెప్పుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండి, మీ కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో ముందు చూద్దాం. సోమవారం గ్రీవెన్స్‌లో (నిన్నమొన్నటిదాకా స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్, జనం నోట మాత్రం ఎప్పుడూ గ్రీవెన్సే) ఇచ్చిన అర్జీ కలెక్టరేట్ నుంచి మున్సిపల్ కమిషనర్‌కు, అక్కడి నుంచి టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌కు, వాళ్ల నుంచి మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే కార్యదర్శికి దిగుతుంది. ఆ కుర్రాడు రాసిన నాలుగు ముక్కల రిపోర్టే మళ్లీ పైకెళ్లి ఎండార్స్‌మెంట్ (అర్జీకి ఆఫీసు రాతపూర్వకంగా ఇచ్చే జవాబు) అవుతుంది. మీకు మెసేజ్ వచ్చిందంటే ఎండార్స్‌మెంట్ ఉండాలి కదా, దాని కాపీ అడిగి తీసుకోండి. ‘నోటీసు ఇచ్చాం’ అని రాసి మూసేసి ఉండొచ్చు. అలా ఉంటే అర్జీ నంబరు చెప్పి రీఓపెన్ చేయమనండి, 1100కు ఫోన్ చేసి దాని పరిస్థితీ కనుక్కోవచ్చు.

అయితే అదే అర్జీని మళ్లీ ఇస్తే మళ్లీ అదే జవాబు. మనవాళ్ల అర్జీలు చాలావరకు పిల్లల కష్టం, దోమలు, వాసన అన్నీ రాసి చివర్లో ‘తగు చర్య తీసుకోగలరని ప్రార్థన’ అని ముగుస్తాయి, దానికి వాళ్లూ ‘తగు చర్య కొరకు పంపడమైనది’ అంటారు. ఆ స్థలం మున్సిపాలిటీదే అని మీ కాగితమే రుజువు చేయాలి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో సాధారణంగా పది శాతం స్థలం ఓపెన్ స్పేస్‌గా వదిలి, దాన్ని గిఫ్ట్ డీడ్‌గా (దానపత్రంగా) మున్సిపాలిటీకి రిజిస్టర్ చేసిస్తారు. సర్వే నంబరుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించండి, గిఫ్ట్ డీడ్ అయి ఉంటే అందులో కనబడుతుంది. ఆమోదించిన ప్లాన్ కాపీ మున్సిపాలిటీలో ఇవ్వకపోతే అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో అడగండి, అక్కడా తిప్పించుకుంటే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు.

ఆ రెండు కాగితాలూ జతచేసి ఒక్కటే అడగండి: ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు ఇది, ఓపెన్ స్పేస్ ఇన్ని సెంట్లు, కొలిపించి, షెడ్డు తొలగించి, కంచె వేసి, ‘మున్సిపాలిటీ స్థలం’ అని బోర్డు పెట్టండి. దోమల సంగతి వేరే అర్జీలో. కమిషనర్ ఆఫీసులో ఇచ్చి ముద్రపడిన రసీదు తీసుకోకుండా కదలకండి. పాలకవర్గం ఉంటే కౌన్సిలర్‌తో కౌన్సిల్ సమావేశంలో మాట్లాడించండి, లేని రోజుల్లో ప్రత్యేకాధికారే దిక్కు. ఎవరో ఒకరు ‘లీజుకు ఇచ్చేద్దాంలే’ అంటారు, జాగ్రత్త. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే సుప్రీంకోర్టు 1991లో చెల్లదంది, ఆ చుట్టుపక్కల కాపురముండేవాళ్లకు కోర్టుకెళ్లే హక్కుందనీ చెప్పింది.

మీ లేఅవుట్‌కు అసలు అనుమతే లేకపోతే మాత్రం కష్టమే. గిఫ్ట్ డీడ్ ఉండదు, స్థలం కాగితాల మీద ఇంకా పాత రైతు పేరునో వెంచర్ వేసినాయన పేరునో ఉంటుంది. ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో) ఓపెన్ స్పేస్ పేరుతో డబ్బు కట్టించుకుంటారే గానీ, ఆ డబ్బుతో మీ వీధిలోకి స్థలం నడిచిరాదు.

ప్రశ్న: మా కాలనీ పార్కులో గుడి కట్టాలని పెద్దలు తీర్మానం చేశారు. వద్దన్న నన్ను నాస్తికుడంటున్నారు. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: గుడైనా, మసీదైనా, చర్చైనా పార్కుల్లో, రోడ్ల మీద కొత్తగా కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009లోనే అన్ని రాష్ట్రాలకూ ఆదేశమిచ్చింది. కాలనీ తీర్మానానికి ఆ స్థలం మీద ఏ హక్కూ లేదు. గొడవ పెట్టుకోకుండా ఆ సంగతి పెద్దలకు చెప్పి చూడండి. వినకపోతే కమిషనర్‌కు రాయండి, అదీ పునాది తీయకముందే. విగ్రహం పెట్టాక కదిలించడానికి ఏ అధికారీ ముందుకు రాడు.