అంబాజీపేట కొబ్బరి నొటోరియస్ కాదు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అమ్మాయి భీమవరంలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. అమెరికాలో ఎంఎస్ చేయాలని జీఆర్ఈకి తయారవుతోంది. రోజుకు యాభై ఇంగ్లిష్ మాటలు రాసుకుని, పక్కన తెలుగు అర్థం పెట్టి బట్టీ పడుతోంది. వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదని ఒకటే టెన్షన్. హైదరాబాద్ కోచింగ్‌కు పంపమంటారా?

జవాబు: మీ అమ్మాయి నోటుబుక్కు ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలనండీ. నా దగ్గరా అలాంటిదే ఉండేది. డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో మీ ప్రాంతం గురించి చెప్పమన్నారు. నా పుస్తకంలో నొటోరియస్ అన్న మాటకు ఎదురుగా ‘పేరుమోసిన’ అని ఉంది. ఇంకేం, మా అంబాజీపేట కొబ్బరికి నొటోరియస్ అని ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పాను. బల్లకు అవతలున్న ముగ్గురూ నవ్వారు. ఎందుకు నవ్వారో తిరుగు బస్సెక్కాక కూడా నాకు అర్థం కాలేదు. మనకు పేరుమోసిన డాక్టరూ ఉంటాడు, పేరుమోసిన దొంగా ఉంటాడు. ఇంగ్లిష్ నొటోరియస్ దొంగకే చెల్లుతుంది.

కాబట్టి లోపం అమ్మాయి జ్ఞాపకశక్తిలో లేదు. ఒక మాటకు ఒక మాట అనే పద్ధతిలోనే ఉంది. పైగా ఆమె రాయబోయే పరీక్షకూ అది పనికిరాదు. వ్యతిరేకపదాలు చెప్పమనే ప్రశ్నల్ని జీఆర్ఈలో 2011లోనే తీసేశారు. ఇప్పుడు ఇంగ్లిష్ చూసే భాగం వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో దాదాపు సగం పేరాలు చదివి జవాబివ్వాల్సినవి. మిగతావి వాక్యంలో ఖాళీ నింపేవి. ఒక రకంలో ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెట్టినా వాక్యం ఒకే భావం ఇస్తుందో ఎంచమంటారు. రెండూ సరైతేనే మార్కు. మాటను విడిగా చూపించి అర్థమడిగే ప్రశ్న ఎక్కడా ఉండదు.

మిటిగేట్ అన్న మాట తీసుకోండి. గైడులో ‘తగ్గించు’ అని ఉంటుంది. అది పట్టుకుని అమ్మాయి ‘దుకాణంవాడు ధర మిటిగేట్ చేశాడు’ అని రాసేస్తుంది. మంచి డిక్షనరీలో నిర్వచనం చూస్తే, హాని, బాధ, ప్రమాదం లాంటి చెడ్డదాని తీవ్రతను కొంత తగ్గించడం అని ఉంటుంది. ధరకు ఆ మాట నప్పదు. 1996 నవంబరు తుపాను మీకు గుర్తుండే ఉంటుంది, అమ్మాయి అప్పటికి పుట్టలేదు. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు గాలి దెబ్బను మిటిగేట్ చేస్తాయి. తుపానును ఆపవు, ఆపగలిగితే దానికి వేరే మాట ఉంది, ప్రివెంట్. ఈ ఒక్క వాక్యం తనే ఇంగ్లిష్‌లో రాసుకుందనుకోండి, ఇక ఆ మాట పోదు.

ఇంకోటి. టాసిటర్న్, రెటిసెంట్, లాకానిక్, మూడింటికీ గైడులో ‘మితభాషి’ అనే కనబడుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు మీద రోజూ కనిపించి ఎవరితోనూ మాట కలపని మనిషి టాసిటర్న్. కబుర్లన్నీ చెప్పి, కూతురి సంబంధం సంగతి ఎత్తగానే నోరు కుట్టేసుకునే ఆయన రెటిసెంట్. ‘అప్పు ఇస్తావా?’ అని పెద్ద ఉత్తరం రాస్తే ‘లేదు’ అని ఒక్క ముక్క తిరిగి రాసేవాడిది లాకానిక్ జవాబు. ఈ తేడాలు మీ అమ్మాయికి తెలుగులో ఎప్పటినుంచో తెలుసు. అందుకే తెలుగు మీడియం అని బెంగపడొద్దు. తెలుగు మానేయమని కూడా చెప్పను. ఒక్క మాటగా కాకుండా పూర్తి వాక్యంగా రాసుకోమంటాను, అంతే.

డిక్షనరీ మాత్రం నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిందే చూడాలి. లాంగ్‌మన్‌వాళ్లు నిర్వచనాలన్నీ దాదాపు 2,000 మామూలు మాటలతోనే రాస్తారు. కింద ఉదాహరణ వాక్యాలు కూడా ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ కూడా బాగుంటుంది. రెండూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పదో తరగతి ఇంగ్లిష్ వస్తే చాలు, అర్థం చూడబోయి ఇంకో అర్థం వెతుక్కునే తిప్పలుండవు.

ఇక రోజుకు యాభై ఆపేయమనండి. పది చాలు, అదీ వారానికి ఆరు రోజులే. నాలుగు నెలల్లో వెయ్యి దాటుతాయి. ఒక్కో మాటకు ఒక చీటీ. ముందువైపు ఆ మాట స్థానంలో ఖాళీ వదిలి తన సొంత వాక్యం. వెనక ఆ మాట, ఇంగ్లిష్ నిర్వచనం, తెలుగులో ఒక వాక్యం. మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు మళ్లీ తీయాలి. తప్పిన చీటీ మొదటికి వెళ్లాలి. ఏడో రోజు కొత్తవి వద్దు, ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదవమనండి. భీమవరంలో ఉంది కాబట్టి రొయ్యల ఎగుమతి వార్తలైతే ఇంకా మంచిది. ధరలు ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండటాన్ని వొలటైల్ అంటారని చెరువుల మధ్య ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా?

అన్నట్టు, మాటలు అటునుంచి ఇటే రావు. ఇంగ్లిష్‌లో బ్యాండికూట్ అంటే మన చేలగట్లు తవ్వే పందికొక్కే. పేరు తెలుగునుంచే వెళ్లింది. పరీక్షలో రాదు గానీ, అమ్మాయికి చెప్పండి, కాస్త నవ్వుతుంది.

కోచింగ్ సంగతి. మాటల కోసమైతే పంపొద్దు, ఈ పని హాస్టల్ గదిలో అయ్యేదే. ముందు తను చేరాలనుకున్న యూనివర్సిటీలు, కోర్సులు ఒక్కోటీ చూసుకోమనండి. జీఆర్ఈ అడగనివి ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే పరీక్ష, టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ, మాత్రం చాలాచోట్ల తప్పదు. అక్కడా వాక్యాలే అక్కరకొస్తాయి.

ఈసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ చీటీల డబ్బా మీరు తీసుకోండి. ఏవైనా పది తీసి, వెనకనున్న తెలుగు వాక్యం మీరు చదవండి, ఇంగ్లిష్ వాక్యం తను చెప్పాలి. ఏడు చెప్పిందంటే హైదరాబాద్ ఊసెత్తకండి. మూడు నాలుగు దగ్గరే ఆగిపోతే, తప్పిన చీటీలు ఫొటో తీసి నాకు పంపండి. ఎక్కడ తేడా కొడుతోందో చూద్దాం.