హెల్మెట్ లేదన్న సాకుతో పరిహారం ఎగ్గొట్టలేరు

ప్రశ్న: మావారు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ఫిట్టర్. కన్వేయర్ ఆపి రిపేరు చేస్తుంటే చైన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) కొక్కెం ఊగి వచ్చి తలకు తగిలింది. పుర్రె ఎముక చిట్లింది. అప్పుడు హెల్మెట్ పెట్టుకోలేదు. 'తప్పు ఆయనదే, ఆసుపత్రి బిల్లు కట్టాం, ఇక ఏమీ అడగబోమని రాసివ్వండి' అంటున్నారు. సంతకం పెట్టాలా?

జవాబు: పెట్టకండి. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. అయినా దాన్ని చూపించి మిమ్మల్ని ఏళ్ల తరబడి తిప్పుతారు.

పని చేస్తూ, ఆ పని వల్ల గాయపడితే చాలు, యజమాని తప్పు ఉందని మీరు నిరూపించనక్కర్లేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం అదే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అదే చెబుతోంది. హెల్మెట్ వాదన పూర్తిగా ఉత్తిది కాదు. భద్రతా పరికరాన్ని బుద్ధిపూర్వకంగా తీసేస్తే పరిహారం ఇవ్వక్కర్లేదన్న మినహాయింపు ఉంది. కానీ ఆ 'బుద్ధిపూర్వకం' నిరూపించాల్సింది యజమానే. ఏమరుపాటు దాని కిందికి రాదు. చనిపోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఆ మినహాయింపే వర్తించదు.

ముందు ఆయనకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉందేమో చూడండి. ఉంటే చికిత్స, వైకల్య భృతి అక్కడి నుంచే వస్తాయి, యజమాని మీద విడిగా పరిహారం కేసు ఉండదు. లేకపోతే కాంట్రాక్టర్‌తో పాటు ఫ్యాక్టరీ యాజమాన్యాన్నీ ప్రతివాదిగా చేర్చండి. కాంట్రాక్టు కూలీ అని వాళ్లు తప్పించుకోలేరు.

ఇవాళే ఆసుపత్రి క్యాజువాలిటీ చీటీ తీసి చదవండి. తీసుకెళ్లినవాళ్లు 'మెట్ల మీంచి పడ్డాడు' అని రాయించి ఉంటే వెంటనే డాక్టరుకు అసలు సంగతి రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇలాంటి కేసులు ఎక్కువగా ఆ ఒక్క వాక్యం దగ్గరే దెబ్బతింటాయి. ఆ రోజు వర్క్ పర్మిట్ (రిపేరు పనికి రాతపూర్వక అనుమతి) ఉందా, మెషిన్ ఎవరూ ఆన్ చేయకుండా స్విచ్‌కు తాళం, హెచ్చరిక ట్యాగ్ వేశారా అన్నది తోటి కార్మికులను అడిగి రాసుకోండి.

పరిహారం లెక్కగట్టే వైకల్య శాతం దగ్గర తొందరపడకండి. తల గాయంలో కుట్లు మానాక కూడా కళ్లు తిరగడం, మతిమరుపు మిగలవచ్చు. అవన్నీ డాక్టరుతో రాయించండి. ఎడమ చేయి పోయిన వడ్రంగి విషయంలో సుప్రీంకోర్టు 1975లో అతను ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి నూరు శాతం నష్టమేనంది. కళ్లు తిరిగే ఫిట్టరు ఎత్తు ఎక్కలేడు. మీరూ అదే అడగాలి.

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.