మోకాలి శస్త్రచికిత్స అయిన కుక్క మళ్లీ ఎజిలిటీకి ఎప్పుడు రావచ్చు?

మీరు అడిగినది ఇది: నాలుగేళ్ల మీ కుక్కకు వెనుక కాలి మోకాలి లిగమెంట్ తెగితే టీపీఎల్‌ఓ శస్త్రచికిత్స చేయించి 10 వారాలైంది, ఎక్స్‌రేలో ఎముక అతుకుకున్నట్టు కనిపించింది, కుంటడం లేదు, పరుగెత్తాలని ఉబలాటపడుతోంది, కాబట్టి ఎజిలిటీ (కుక్కలు అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట) కోసం బార్లు దూకించడం మొదలుపెట్టవచ్చా అని. దయచేసి ఇప్పుడే మొదలుపెట్టకండి. సరిగ్గా ఈ దశలోనే నేను తొందరపడ్డాను, దాని ఫలితం నా కుక్క అనుభవించింది.

నాది బోర్డర్ కోలీ. మోకాలి కింది పెద్ద ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, కొద్దిగా తిప్పి, ప్లేటు, స్క్రూలతో బిగించే ఈ శస్త్రచికిత్సే దానికీ ఎడమ కాలికి జరిగింది. ఎనిమిదో వారంలో ఎక్స్‌రే చూసిన వైద్యుడు ఎముక చక్కగా అతుకుకుందని చెబితే, కాలు పూర్తిగా బాగైందని నేను అర్థం చేసుకున్నాను. పదకొండో వారంలో తక్కువ ఎత్తులో బార్లు పెట్టాను. మూడో రోజు బారు దాటి మలుపు తిరుగుతూ అది ఒక్క క్షణం తడబడింది, నేను పట్టించుకోలేదు. మర్నాడు కారు ఎక్కమంటే ముందుకాళ్లు సీటు మీద పెట్టి, వెనుక భాగం లేపలేక, తల తిప్పి నా వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది. నడుము నుంచి తొడ ఎముకకు వచ్చే ఇలియోసోయాస్ కండరం బెణికిందని పరీక్షలో తేలింది. చిక్కిపోయిన తొడ చేయలేని పనిని ఆ కండరం మీద వేసుకుని దెబ్బతిన్నదని ఫిజియోథెరపిస్టు వివరించారు.

ఆ రోజు ఆమె చేసిన మొదటి పని టేపుతో రెండు తొడల చుట్టుకొలత తీయడం. కుడి తొడ 36 సెంటీమీటర్లు, ఎడమ తొడ 33. దట్టమైన బొచ్చు కింద అంత తేడా ఉన్నట్టు రోజూ దువ్వే నాకే తెలియలేదు. ఎక్స్‌రే ఎముక సంగతి చెబుతుంది గానీ కండరం సంగతి చెప్పదు. పైగా కండరం వారాల్లో పుంజుకున్నా, టెండన్లు, లిగమెంట్లు గట్టిపడడానికి నెలలు పడుతుంది. కుక్క హుషారు ఈ రెండింటికంటే ముందే తిరిగి వస్తుంది కనుక, దాని ఉత్సాహాన్ని చూసి నిర్ణయం తీసుకోకూడదు. కొలిచేటప్పుడు కుక్క నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడాలి, ప్రతిసారీ తొడ మీద అదే చోట, అదే బిగువుతో మూడుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి. అది కూర్చునే తీరు కూడా గమనించండి. ఆపరేషనైన కాలిని ముడవకుండా పక్కకు చాపి కూర్చుంటే మోకాలిలో ఇబ్బంది ఇంకా మిగిలి ఉందని అనుమానించాలి.

ఇక వ్యాయామం విషయానికి వస్తే, నా కుక్కకు అన్నిటికంటే మేలు చేసింది పట్టీతో నెమ్మదైన నడక. వేగం పెరిగితే కుక్క నొప్పి కాలిని తేలిగ్గా తాకించి తప్పించుకోగలదు, నెమ్మదిగా నడిస్తే ప్రతి అడుగులోనూ ఆ కాలి మీద బరువు వేయక తప్పదు. మొదట్లో పది నిమిషాలు, వారానికి కొద్దికొద్దిగా పెంచుతూ, తర్వాత ఎత్తుపల్లాల దారిలో నడిపించాను. దానితో పాటు గోడ పక్కన నిలబెట్టి కూర్చోబెట్టి లేపడం చేయించాను. గోడ ఆ కాలి వైపున ఉంటే దాన్ని పక్కకు చాపే వీలుండదు, రెండు కాళ్లూ సమంగా తన్ని లేవాలి. ఆ తర్వాతే నేల మీద వరుసగా పరిచిన కర్రల మీదుగా నడిపించడం, వెనక్కి నడిపించడం వచ్చాయి.

నీటి ట్రెడ్‌మిల్ అందుబాటులో ఉంటే తప్పక వాడుకోండి. నీళ్లు తుంటి ఎత్తు వరకు ఉంటే కాళ్ల మీద పడేది శరీర బరువులో సుమారు 38 శాతమే, మోకాలి వరకే ఉంటే దాదాపు 85 శాతం పడుతుంది, కాబట్టి నీటిమట్టం తగ్గిస్తూ బరువును క్రమంగా పెంచవచ్చు. చాలామంది దీనికి బదులు ఈత చాలనుకుంటారు. ఈతలో కాలు బాగానే ముడుచుకుంటుంది గానీ నేల మీద బరువు మోయడం అలవాటు కాదు.

ఒక కాలు బాగుచేసే ధ్యాసలో మిగతా మూడింటిని మరవకండి. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం మామూలుగానే ముందుకాళ్ల మీద ఉంటుంది, వెనుక కాలు నొప్పిగా ఉన్నప్పుడు అది ఇంకా పెరిగి భుజాలు బిగుసుకుంటాయి. ఒక మోకాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగం వాటికి రెండోది కూడా తెగే ప్రమాదం ఉంది. అందుకే బరువు పెరగనివ్వకూడదు, పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి. నొప్పి ఉందనిపిస్తే మనం వాడే ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు ఎంతమాత్రం ఇవ్వకండి, అవి కుక్కలకు విషం.

దూకుళ్ల వరకు రావడానికి నేను పెట్టుకున్న షరతులు మూడు: రెండు తొడల తేడా సెంటీమీటరులోపు ఉండాలి, ట్రాట్‌లో, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగంలో, వెనుక నుంచి తీసిన స్లో మోషన్ వీడియోలో తుంటి ఎగుడుదిగుడు కాకూడదు, ఏ కొత్త వ్యాయామం చేయించినా మర్నాడు ఉదయం లేచేటప్పుడు బిగుసుకున్నట్టు ఉండకూడదు. వీటిని చేరుకోవడానికి మాకు శస్త్రచికిత్స నాటి నుంచి ఏడు నెలలు పట్టింది. అప్పుడు కూడా బారును నేల మీద పెట్టి మొదలుపెట్టాం. ఎత్తు పెంచిన వారంలో మలుపులు ఇవ్వలేదు, మలుపులు చేర్చిన వారంలో ఎత్తు పెంచలేదు. ప్రతి సాధనకూ ముందు పది నిమిషాలు నడిపించి ఒళ్లు వేడెక్కనిచ్చాను.

ఈ వారమే రెండు తొడలూ కొలిచి, వీడియో తీసి, పునరావాస చికిత్సలో అనుభవమున్న పశువైద్యుడికి చూపించండి. ఆ కొలతలు ఇక్కడ రాస్తే, తర్వాతి ఆరు వారాల్లో మేము రోజువారీగా ఏమేం చేశామో మీకు పూర్తిగా రాస్తాను.