రోజూ 140 పడుతున్నాయి, 8,600 ప్లాన్‌కి మారొచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అడిగిన ప్రశ్న ఇది: "మా వదిన వీడియోలు చూసే యాప్‌లో 2,800 కట్టి మెంబర్‌షిప్ తీసుకుంది. రోజుకి పది వీడియోలు, ఒక్కోదానికి 14 చొప్పున 140 రూపాయలు, 60 రోజుల పాటు. పన్నెండు రోజులుగా డబ్బులు పడుతున్నాయి. ఇప్పుడు 8,600 ప్లాన్‌కి మారతానంటోంది, నన్నూ తన కింద చేరమంటోంది. నమ్మొచ్చా?"

మారనివ్వకండి. మీరూ చేరకండి.

పన్నెండు రోజులకి ఆమెకి వచ్చింది 1,680. కట్టినదాంట్లో ఇంకా 1,120 రావాలి. అంటే ఇప్పటిదాకా ఆమెకి లాభం పైసా లేదు, ఆమె డబ్బే ముక్కలు ముక్కలుగా వెనక్కి వస్తోంది. "వొచ్చీసాయి కదా, ఇంకేటి అనుమానం" అని అందరూ అనేది సరిగ్గా ఇక్కడే. మొదటి ఇరవై రోజులు డబ్బులు పడకపోతే 8,600 ఎవరూ కట్టరు, చుట్టాల్ని ఎవరూ తీసుకురారు. అందుకే ఆ ఇరవై రోజులూ ఠంచనుగా వేస్తారు.

ఒక వీడియో చూస్తే 14 రూపాయలు ఎవరిస్తారో ఆలోచించండి. ప్రకటన ఇచ్చేవాడు వెయ్యిసార్లు చూపించినందుకు కట్టేది పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. మీ వదిన లెక్కన వెయ్యిసార్లకి 14,000 అవుతుంది. అంత ఇచ్చే ప్రకటనదారుడు లేడు. ఆ డబ్బు మీలాంటి కొత్తవాళ్ళ దగ్గర్నుంచే రావాలి.

వంద మంది సభ్యులుంటే రోజుకి 14,000 పంచాలి. అంటే 2,800 చొప్పున కట్టే కొత్తవాళ్ళు రోజుకి ఐదుగురు కావాలి. ఆ ఐదుగురికీ మర్నాటి నుంచి ఇవ్వాలి కాబట్టి సంఖ్య రోజూ నూటికి ఐదు చొప్పున పెరగాలి, పధ్నాలుగు రోజులకోసారి రెట్టింపు కావాలి. ఇరవైనాలుగు వారాలకి అది మూడున్నర లక్షలు దాటుతుంది. 2011 జనాభా లెక్కల్లో బరంపురం నగరం జనం దాదాపు అంతే. అరవై రోజులు నిండినవాళ్ళు తప్పుకుంటారు నిజమే, కానీ చేర్పించినవాళ్ళ కమిషనూ, నడిపేవాడి వాటా కూడా ఇందులోంచే పోవాలి కదా. ఇది ఆగడం ఖాయం, ఏ రోజన్నదే తేలాలి.

ఆ రోజుని వెనక్కి నెట్టడానికే యాప్‌లో నిబంధనలు పెడతారు. ఐదు వందలు నిండితేనే విత్‌డ్రా, వారానికి ఒక్కసారే విత్‌డ్రా, పెద్ద ప్లాన్‌కి మారితే రోజూ తీసుకోవచ్చు అంటారు. డబ్బు బయటికి పోకుండా వేసిన అడ్డుకట్టలివి. చివరి వారం ఎలా ఉంటుందంటే, దసరాకో ఠాకురాణి జాతరకో "రెట్టింపు బోనస్, మూడు రోజులే" అని ఆఫర్ వస్తుంది. నగలు కుదువపెట్టి కట్టేది అప్పుడే. మర్నాడు విత్‌డ్రా నొక్కితే "ప్రాసెసింగ్" అని పడుతుంది, కింద 24 గంటలని ఉంటుంది. రేపటికి అది 72 గంటలవుతుంది. తర్వాత "సర్వర్ అప్‌గ్రేడ్" అంటారు. ఆ తర్వాత "18 శాతం ట్యాక్స్ ముందు కట్టండి, మొత్తం ఒకేసారి విడుదలవుతుంది" అంటారు. నిజమైన టీడీఎస్, అంటే ఆదాయం ఇచ్చేటప్పుడే కోసే పన్ను, ఎప్పుడైనా ఇచ్చే డబ్బులోంచే పట్టుకుంటారు, మన జేబులోంచి ముందుగా కట్టమనరు. ఆ ట్యాక్స్ కూడా వసూలయ్యాక గ్రూపులో టైప్ చేసే చోటు మాయమై "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు" అని కనిపిస్తుంది. బోర్డు తిప్పేశారన్నమాట.

ఇది కొత్తదేం కాదు. 2011లో స్పీక్ ఏషియాలో 11,000 కట్టి సర్వేలు నింపారు. 2017 ఫిబ్రవరిలో పట్టుబడిన సోషల్ ట్రేడ్‌లో 57,500 దాకా కట్టి క్లిక్కుకి 5 రూపాయల చొప్పున లైకులు కొట్టారు. ఇప్పుడు వీడియోలు. పని పేరు మారింది, గొలుసు అదే.

సర్టిఫికెట్లు చూపిస్తారు, వాటికి విలువ ఇవ్వకండి. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం సర్టిఫికెట్ ఉచితం, మొబైల్‌లో మనం చెప్పిన వివరాలతోనే వచ్చేస్తుంది. జీఎస్టీ నంబరూ, కంపెనీ రిజిస్ట్రేషనూ జనం దగ్గర డబ్బు వసూలు చేయడానికి అనుమతులు కావు. "పేమెంట్ ప్రూఫ్" అని యూట్యూబ్‌లో మన తెలుగులోనే వీడియోలు పెట్టి, కింద తమ రిఫరల్ లింకు అంటించేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. వాళ్ళ మాట విని చేరినవాళ్ళు ఎవర్ని అడగాలి?

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు 2,800 కంటే అదే పెద్దది. మీ వదిన కింద మీరు చేరితే ఆమె ఇక బాధితురాలు మాత్రమే కాదు. గొలుసుకట్టు పథకాల్ని నిషేధించిన 1978 చట్టం వాటిని నడపడమే కాదు, సభ్యుడిగా చేరడం కూడా నేరమంటుంది. మూడేళ్ళ దాకా జైలు. 2019లో వచ్చిన అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం కింద జనాన్ని డబ్బు కట్టమని ప్రోత్సహించినా శిక్ష ఉంది. యాప్ వాడు ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు, చేర్పించిన మనిషి ఇల్లు మాత్రం అందరికీ తెలుసు.

రెండోది బ్యాంకు ఖాతా. ఆమెకి పడిన 140లు ఎవరి పేరు మీద వచ్చాయో స్టేట్‌మెంట్ తీసి చూడండి. రోజుకో పేరు, ఎక్కడిదో కిరాణా కొట్టు, ఎవరో తెలియని మనిషి. అలా ఉంటే అవి మోసం డబ్బు తిప్పడానికి వాడే అద్దె ఖాతాలు. ఎక్కడో ఒకరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు వెళ్ళిన ఖాతాలన్నీ వరసగా ఆపేస్తారు, అందులో ఈమెదీ ఉండొచ్చు. సూరత్ నుంచి ఇంటాయన పంపే జీతం కూడా ఆ ఖాతాలోకే వస్తుంటే అదీ ఆగిపోతుంది. అప్పుడు బ్రాంచిలో ఫిర్యాదు నంబరూ, ఏ రాష్ట్రం ఏ స్టేషనో కాగితం మీద అడగండి. ఖాతా మొత్తం కాకుండా వివాదంలో ఉన్న సొమ్మే ఆపమని లిఖితపూర్వకంగా పెట్టండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. కొత్తగా రూపాయి కూడా వేయొద్దు. యాప్‌లో ఉన్నది తీసేసుకుందామని ట్యాక్స్ గానీ ఫీజు గానీ కట్టొద్దు. ప్లాన్ పేజీ, వెబ్ అడ్రసు, గ్రూపు మెసేజీలు, కట్టిన క్యూఆర్ కోడ్, అవతలి పేరు అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి. టెలిగ్రామ్ గ్రూపైతే ఈ రాత్రే తీయండి, అడ్మిన్ తుడిచేస్తే మీ దగ్గర కూడా పోతుంది. ప్రతి యూపీఐ చెల్లింపుకీ ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు విడిగా రాసుకోండి. ప్లే స్టోర్ నుంచి కాకుండా లింకుతో వేసిన యాప్ అయితే స్క్రీన్‌షాట్ల తర్వాత తీసేసి, సిమ్ వేరే ఫోన్‌లో వేసి యూపీఐ పిన్ మార్చండి. తర్వాత 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కొన్నాళ్ళకి "మీ డబ్బు రాబట్టి పెడతాం" అని ఫోన్ వస్తే అదీ మోసమే.

చేర్పించిన మనిషి ఆంధ్రాలోని పాతపట్నంలో, కట్టినవాళ్ళు పర్లాకిమిడిలో ఉంటే రెండు స్టేషన్ల మధ్య తిప్పుతారు. తిరగక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 173 ప్రకారం పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఒడియాలో రాసుకుంటే చదివి వినిపించమనండి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా అడగండి, సంతకం పెట్టేముందు యూటీఆర్ అంకెలు ఒక్కొక్కటీ సరిచూసుకోండి.