అమ్మమ్మ పెట్టెలోని కాగితాలు

ప్రశ్న: ఇటీవల కన్నుమూసిన మా అమ్మమ్మ పెట్టెలో ఇంటి ఖర్చుల పుస్తకాలు, ఉత్తరాల కట్టలు, కొన్ని డైరీలు దొరికాయి. ముఖ్యమైన ఉత్తరాలు ఉంచి మిగిలినవి పారేద్దామని ఇంట్లో అంటున్నారు. ఇలాంటి కాగితాలు చరిత్రకు నిజంగా పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి ఏదీ పారేయకండి. ‘ముఖ్యమైనవి’ అంటూ ఏరడం మొదలుపెడితే పేరున్న వారి ఉత్తరాలు మిగిలి, ఏ రోజు ఎవరికి ఎంత ఇచ్చారో, ఇంట్లో ఎవరికి జ్వరం తగిలిందో రాసుకున్న పుటలు చెత్తలో కలుస్తాయి. సామాజిక చరిత్రకారులు వెతికేది ఎక్కువగా ఆ పుటల కోసమే.

అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుంచి 1812లో మరణించేదాకా డైరీ రాశారు. వాతావరణం, నేతపని, రోగులను చూసి రావడం, తాను పోసిన 816 పురుళ్లు, అన్నీ అందులో పొడిపొడి మాటల్లో ఉంటాయి. అదంతా ఇంటి పనుల చిట్టా అని చాలాకాలం పక్కన పెట్టేశారు. చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్ మాత్రం ఆ చిట్టానే ఓపికగా లెక్కగట్టి, మగవారి ఖాతా పుస్తకాల్లో కనిపించని స్త్రీల శ్రమను, ఇచ్చిపుచ్చుకోవడాలను వెలికితీసి 1990లో పుస్తకంగా తెచ్చారు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ కాలంలో పెళ్లికాని తల్లి పురిటి నొప్పుల మధ్య చెప్పిన బిడ్డ తండ్రి పేరును సాక్ష్యంగా పరిగణించేవారు. 1791 అక్టోబరులో ఒక యువతి చెప్పిన పేరు మార్తా సొంత కొడుకుదే. ఆమె దాన్ని దాచకుండా డైరీకెక్కించారు. చట్టం ఒక ఇంటి గడప లోపల ఎలా పనిచేసిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం దొరకడం కష్టం.

అయితే ఈ కాగితాలు అన్నీ చెప్పవు. అక్షరం రాని స్త్రీలు వీటిలో ఇతరుల మాటల్లోనే కనిపిస్తారు, రాసినవారు కూడా ఇంట్లో ఎవరైనా చదువుతారన్న జంకుతో కొన్ని వదిలేసి ఉంటారు. అందుకే నెలల తరబడి ఖాళీగా ఉన్న పుటలను కూడా చింపకుండా ఉంచాలి.

ఉత్తరాల కట్టలను తేదీల ప్రకారం మీరు సర్దవద్దు, ఆమె కట్టిన వరుసే ఒక ఆధారం. తుప్పు పట్టిన పిన్నులను నెమ్మదిగా తీయండి. చిరుగులకు టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. గుర్తులేమైనా రాయాల్సివస్తే కవరు మీద పెన్సిలుతో రాయండి. బతికున్నవారి రహస్యాలు అందులో ఉంటే, పత్ర భాండాగారానికి ఇచ్చేటప్పుడు ఫలానా కాలం వరకు ఎవరికీ చూపకూడదన్న షరతు గురించి ముందే మాట్లాడుకోండి.

ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి. ఆ ఉత్తరాల్లోని ‘చిన్నమ్మాయి’, ‘పెద్దాయన’ ఎవరో చెప్పగలిగేది ఇంట్లోని పెద్దలే కాబట్టి, వారి దగ్గర కూర్చుని ఆ పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి.