ట్విలైట్ జోన్ స్క్రిప్టులను పైకి చదవండి

ట్విలైట్ జోన్ అనే పాత అమెరికా టీవీ ధారావాహిక ఎపిసోడ్లన్నీ చూసేసిన వారొకరు వాటి అసలు స్క్రిప్టులు కూడా చదవాలా అని అడిగారు. తప్పకుండా చదవాలి. అదీ మనసులో కాదు, పక్కగదిలోకి వినపడేలా పైకి చదవాలి.

ఆ ధారావాహిక సృష్టికర్త రాడ్ సెర్లింగ్ వాటిని రాశాడనడం కంటే చెప్పాడనడమే సరైనది. డిక్టేటింగ్ యంత్రం ముందు పాత్రలన్నీ తానే అయి పలికేవాడు, కార్యదర్శి విని టైపు చేసేది. 1959 నుంచి 1964 దాకా వచ్చిన 156 ఎపిసోడ్లలో 92 అలా ఆయన నోటి నుంచి వచ్చినవే. చెవి కోసం పుట్టిన వాక్యాన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది.

ఇది నాకు న్యూయార్క్ రాష్ట్రంలోని బింగంటన్‌లో తెలిసింది. సెర్లింగ్ పెరిగిన ఊరది. ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన మొదటి శీతాకాలంలో, గ్రంథాలయం నుంచి ఆయన స్క్రిప్టుల సంపుటం ఒకటి తెచ్చుకున్నాను. ఒక రాత్రి ‘వాకింగ్ డిస్టెన్స్’ తీశాను. మార్టిన్ స్లోన్ అనే 36 ఏళ్ల ఉద్యోగి నడుచుకుంటూ సొంత ఊరికి వెళ్తే, అక్కడ తన చిన్నతనమే నడుస్తూ ఉంటుంది, పిల్లవాడిగా తానూ ఉంటాడు. నా గదిలో ఉండే కరీంనగర్ మిత్రుడికి ఇలాంటివి పట్టవు, వంటగదిలో గిన్నెలు తోముతున్నాడు. అతని కోసం కాదు, నా ఉచ్చారణ బాగుపడాలని పైకి చదువుతున్నాను.

తండ్రి వచ్చే సన్నివేశం దగ్గరికి వచ్చాను. మార్టిన్ పారేసుకున్న పర్సులో ఇంకా రాని సంవత్సరాల తేదీలు చూసి, ఎదురుగా ఉన్నది తన కొడుకేనని ఆయన నమ్ముతాడు. నమ్మి కూడా వెళ్లిపొమ్మంటాడు. ఒక్కొక్కరికి ఒక్క వేసవే, ఇది ఆ పిల్లవాడిది అంటాడు. కుళాయి చప్పుడు ఆగిపోయింది. మా మిత్రుడు తడి చేతులతో గుమ్మంలో నిలబడి, “ఆ నాన్న మాటలు మళ్లీ చదువు” అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.

ఆ కథలో రంగులరాట్నం ఉంటుంది. మర్నాడు ఇద్దరం మంచులో ఆ ఊరి రిక్రియేషన్ పార్కుకు నడిచాం. బూట్ల కర్మాగారాల యజమాని జార్జ్ ఎఫ్. జాన్సన్ పిల్లల దగ్గర పైసా తీసుకోకూడదని చెప్పి ఇచ్చిన రంగులరాట్నాల్లో ఒకటి అక్కడ ఉంది. శీతాకాలం కదా, మూసేసి ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేశాం.

ట్విలైట్ జోన్‌వి వట్టి దయ్యాల కథలనే వారిని చూస్తే నాకు కోపం వస్తుంది. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుడిని చంపేస్తే, ఆ దారుణం మీద సెర్లింగ్ టీవీ నాటకం రాశాడు. ప్రాయోజకులు భయపడి కథను ఉత్తరాదికి మార్పించారు. కోకాకోలా సీసా కనిపించినా దక్షిణాది గుర్తొస్తుందని దాన్నీ తీయించారు. తర్వాత ఆయన గ్రహాంతరవాసుల చాటున అన్న మాటలన్నీ ఇలా నోరు నొక్కించుకున్న మనిషి మాటలు.

ఆయన కాగితాలను ఇథకా కళాశాలలో దాచారు. మన దగ్గర ఆ శ్రద్ధ ఏది? మా పెదనాన్న పాతికేళ్లు రేడియో నాటికలు రాశారు. ఆయన పోయాక ఆ కట్టలన్నీ పాత కాగితాల వాడికి తూకానికి వెళ్లాయి. మూడు పుటలు మాత్రం ఒక నిఘంటువులో దొరికాయి. ఈ మధ్యే పైకి చదివాను. మూడో పుట చివర తలుపు చప్పుడవుతుంది, ఒకావిడ “ఎవరది?” అంటుంది. ఎవరో నాలుగో పుటలో ఉండాలి.